మాస్టర్ చెకప్‌లో టీఎంటీ పాజిటివ్ అంట, సాయంత్రమే యాంజియోకి చేరమంటున్నారు

ఆటోనగర్_బేరింగ్
నాకు 44. ఆటోనగర్‌లో బేరింగుల షాపు. సిగరెట్ లేదు, షుగర్ లేదు, బీపీ అప్పుడప్పుడు 140 చూపిస్తది. మా ఆవిడ పోరు పడలేక ఇవాళ పొద్దున ఒక హాస్పిటల్లో (పేరు అడక్కండి) వెయ్యి రూపాయల మాస్టర్ హెల్త్ చెకప్ ప్యాకేజీ చేయించుకున్నా, తొమ్మిది పరీక్షలు. రక్తం, ఎక్స్‌రే, ఎకో, చివర్లో టీఎంటీ (బెల్టు మీద నడిపిస్తూ ఈసీజీ తీసేది). ఎకో బాగుంది, ఈఎఫ్ (గుండె పిండే బలం) 62 అన్నారు. టీఎంటీ అయ్యాక ఒకాయన వచ్చి కాగితం చేతిలో పెట్టి, పాజిటివ్ వచ్చింది, సాయంత్రం అడ్మిట్ అయిపోండి, రేపు పొద్దున్నే యాంజియోగ్రామ్ (గొట్టం దూర్చి గుండె నాళాల్లో బ్లాకులు చూసేది), అవసరమైతే అక్కడికక్కడే స్టెంట్ (నాళం తెరిచి ఉంచే స్ప్రింగు) అన్నాడు. ఇన్సూరెన్స్ ఉందా అని కూడా అదే ఊపులో అడిగాడు.

నాకు నొప్పి లేదు, ఆయాసం లేదు. రోజూ బందరు కాలవ గట్టున నలభై నిమిషాలు నడుస్తా. ఆలోచించుకుని వస్తానని ఇంటికొచ్చేశా. వచ్చిన దగ్గర్నుంచీ అన్నం సహించట్లేదు. ఇందాక రెండు మెట్లెక్కితే గుండె దడదడలాడింది, అది భయమో జబ్బో తెలియట్లేదు. చేరాలా వద్దా?

బ్రాడీపేట_4వలైను
చేరిపోండి. ఇందులో అడగటానికేముంది? మా బావ ఇట్టాగే గ్యాస్ గ్యాస్ అని రాత్రంతా ఈనో తాగి పడుకున్నాడు. తెల్లారేసరికి గుంటూరు తీసుకొచ్చేలోపే అయిపోయింది. 47 ఏళ్ళు. డబ్బులు మళ్ళీ సంపాదించుకోవచ్చు.

బేరాల_బెజవాడ
తొమ్మిది పరీక్షలు చేసి వెయ్యి రూపాయలే తీసుకుంటున్నారంటే ఆ ప్యాకేజీ ఎందుకు పెట్టారనుకున్నారు? ఎర అది. చేప మీరు. యాంజియో దగ్గర గాలం తగులుకుంటది, స్టెంట్ దగ్గర లాగుతారు. షాపుకెళ్ళి బేరింగులు అమ్ముకోండి సార్.

తెనాలి_కోడలు
ఇద్దరూ కాస్త ఆగండి. బాబూ, పరీక్షలో నడుస్తున్నప్పుడు గుండెలో పట్టేసినట్టు, దవడ లాగినట్టు, ఎడమ చెయ్యి బరువెక్కినట్టు ఏమన్నా అనిపించిందా? ఎంతసేపు నడిచావు? ఆ కాగితంలో ఏం రాశారో ఉన్నదున్నట్టు పెట్టు. ఊరికే పాజిటివ్ అంటే ఏం అర్థమవుతుంది?

ఆటోనగర్_బేరింగ్
@తెనాలి_కోడలు అక్కా, ఏమీ అనిపించలేదు, కాళ్ళు లాగటం తప్ప. ముందు ఒక కుర్రాడు రేజర్‌తో గుండెల మీద వెంట్రుకలు గీకాడు. తర్వాత గరుకు కాగితం లాంటిదాంతో తోమి పది స్టిక్కర్లు అతికించి వైర్లు తగిలించాడు. నేను చెప్పులతో వెళ్ళా, అక్కడున్న బూట్లు సరిపోలా, ఉత్త కాళ్ళతోనే ఎక్కా. మొదటి మూడు నిమిషాలు పెళ్ళి ఊరేగింపులా ఉంది. మూడు నిమిషాలకోసారి వేగం పెరుగుతది, ముందు వైపు పైకి లేస్తది. మధ్యలో బీపీ పట్టీ బిగిస్తాడు. తొమ్మిదో నిమిషం దాటాక గుట్ట మీదకి పరిగెత్తినట్టే. ఇంకొక్క నిమిషం సార్, ఇంకొక్క నిమిషం సార్ అంటూ చంపాడు. అరికాళ్ళు మండి నేనే ఆపమన్నా.

కాగితంలో: నడిచింది 9 నిమిషాల 42 సెకన్లు, బ్రూస్ ప్రోటోకాల్. గరిష్ఠ పల్స్ 168. బీపీ 182/88. మెట్స్ 11 చిల్లర. కింద: వీ4 నుంచి వీ6 దాకా 1 మి.మీ. ఎస్టీ డిప్రెషన్, రికవరీలో రెండో నిమిషానికి మామూలైంది. పాజిటివ్ ఫర్ ఇండ్యూసిబుల్ ఇస్కీమియా. సంతకం ఉంది, పేరు చదవలేకపోతున్నా.

గుణదల_కొండ
గుండెల మీద వెంట్రుకలు గీకినందుకే సగం గుండె ఆగినట్టుంది అన్నకి 😄 నాకు గీకినప్పుడు నెల రోజులు దురద.

మంగళగిరి_మెట్లు
మెట్స్ 11 అంటే పదకొండు మెట్లు ఎక్కినట్టా? అయితే మా పానకాల స్వామి దగ్గర నేను రోజూ రికార్డు కొడుతున్నా.

గీతలు_చూసేవాణ్ణి
16 ఏళ్ళుగా ఈసీజీ, టీఎంటీ తీస్తున్న టెక్నీషియన్ని. డాక్టర్ని కాను, ముందే చెప్తున్నా.

@మంగళగిరి_మెట్లు మెట్స్ అంటే మెట్లు కాదు స్వామీ. ఊరికే కూర్చున్నప్పుడు ఒంటికి కావలసిన ప్రాణవాయువు ఒక మెట్. 11 అంటే దానికి పదకొండు రెట్ల పని చేసినట్టు. బ్రూస్ ప్రోటోకాల్, అంటే మూడు నిమిషాలకోసారి పెంచే ఆ బెల్టు పద్ధతిలో, మొదటి దశ గంటకి 2.7 కిలోమీటర్లు, 10 శాతం ఎత్తు. రెండోది 4 కి.మీ., 12 శాతం. మూడోది 5.5 దాకా, 14 శాతం. ఆటోనగర్ గారు నాలుగో దాంట్లో కాలు పెట్టారు. అక్కడ 6.7 కి.మీ., 16 శాతం. బోల్డంత మంది రెండో దాంట్లోనే రెయిలింగ్ పట్టుకుని వేలాడతారు.

@ఆటోనగర్_బేరింగ్ 220 లోంచి మీ వయసు తీసేస్తే 176. అందులో 85 శాతం, అంటే 150 దాటితే పరీక్ష పూర్తిగా జరిగినట్టు లెక్క. మీరు 168 దాకా వెళ్ళారు. ఒక సాయం చేయండి. రిపోర్టు లోపలి పేజీల్లో ప్రతి లీడ్ (వీ4, వీ5 అని పేర్లున్న ఒక్కో ఈసీజీ గీత) కింద రెండు అంకెలుంటాయి. గరిష్ఠ పల్స్ దగ్గర వీ5 కింద ఏమున్నాయో చెప్పండి.

ఆటోనగర్_బేరింగ్
వీ5 కింద -1.1, దాని కింద 0.9 ఉంది. వీ4 దగ్గర -1.0, 1.1.

గీతలు_చూసేవాణ్ణి
ఎస్టీ అంటే ఈసీజీ గీతలో ఒక ముక్క. అది దిగితే గుండెకి రక్తం చాలట్లేదేమో (ఇస్కీమియా) అని అనుమానం. పైది ఆ గీత ఎన్ని మి.మీ. దిగిందో. కిందది దాని వాలు. ప్లస్ ఉందంటే గీత దిగినా వెంటనే పైకి లేస్తోందని. అసలు పాజిటివ్ అనేది గీత బల్లపరుపుగా గానీ కిందికి జారుతూ గానీ 1 మి.మీ. దిగితే. పల్స్ 160 దాటినప్పుడు పైకి లేచే రకం రోజుకి నలుగురైదుగురికి చూస్తా. అయితే మెషిన్ అంకెల్ని గుడ్డిగా నమ్మకూడదు, ఆయాసానికి గీత ఊగుతుంటే తప్పులేస్తది. పెద్ద డాక్టర్ కళ్ళతో గీతలు చూడాలి. మీ కాగితం మీద సంతకం పెట్టినాయన గీతలు చూశాడో, పైన మెషిన్ కొట్టిన ముక్క చూశాడో మనకి తెలీదు.

బ్రాడీపేట_4వలైను
అదీ సంగతి. ఇక్కడ కూర్చుని గీతలు చదివేసి ఏం లేదు పో అని పంపించేయండి. రేపు ఏమన్నా అయితే ఎవరు బాధ్యులు? మా బ్యాంకులో ఒకాయనకి టీఎంటీ నెగెటివ్. స్వీట్లు పంచాడు. మూడు వారాలకి ఎటాక్. నెగెటివే నమ్మలేం, మీరు పాజిటివ్‌ని కొట్టిపారేస్తున్నారు.

గీతలు_చూసేవాణ్ణి
నేను ఏం లేదు పో అనలేదండీ. నా పోస్టు మళ్ళీ చదవండి.

కార్డియో_పీజీ
కార్డియాలజీ చదువుతున్నా. ఇక్కడ చికిత్స చెప్పను, లెక్క మాత్రం చెప్తా.

అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్ళు కట్టిన ఒక స్కోరు ఉంది. నడిచిన నిమిషాల్లోంచి, ఎస్టీ ఎన్ని మి.మీ. దిగిందో దానికి అయిదు రెట్లు తీసేయాలి. నొప్పి వచ్చి ఆపాల్సి వస్తే 8, నొప్పి వచ్చినా నడవగలిగితే 4, నొప్పే రాకపోతే 0 తీసేయాలి. 5, ఆపైన వస్తే ముప్పు తక్కువ. -11, అంతకన్నా కిందికి పోతే ముప్పు ఎక్కువ. మధ్యలోది మధ్యస్థం.

ఆటోనగర్ గారిది 9.7 లోంచి 5 తీస్తే 4.7. మధ్యస్థం, అదీ గట్టు మీద. గీత పైకి లేచే రకమే అయితే దాన్ని సాధారణంగా లెక్కలోకి తీసుకోరు. అప్పుడు 9.7, తక్కువ ముప్పు. కాగితం ఒకటే. గీతని ఎవరు ఎలా చదివారన్న దాన్ని బట్టి మనిషి ఈ గట్టునో ఆ గట్టునో ఉంటాడు. ఏ గట్టున ఉన్నా, ఏ నొప్పీ లేకుండా అన్ని నిమిషాలు నడిచినాయన్ని ఈ సాయంత్రమే మంచమెక్కించాల్సినంత తొందర నాకు కనపడట్లేదు. అలాగని వదిలేయమనీ కాదు. రిపోర్టు మొత్తం, అన్ని పేజీలూ పట్టుకుని ప్యాకేజీతో సంబంధం లేని కార్డియాలజిస్టుకి ఈ వారంలోనే చూపించండి.

బేరాల_బెజవాడ
నేను చెప్పింది కూడా అదే కదా. ఎర.

కార్డియో_పీజీ
అదే కాదండీ. మీరు షాపుకెళ్ళమన్నారు, నేను డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నా.

రిటైర్డు_లెక్కల_మాస్టారు
బ్రాడీపేట వారి బాధ నాకు అర్థమైంది. ఆయన కేసూ నిజమే, ఆటోనగర్ అబ్బాయి కేసూ నిజమే. రెండూ ఒకే లెక్కలోంచి వస్తాయి. పలకా బలపం తీయండి.

పాత పరిశోధనలన్నీ గుదిగుచ్చి చూస్తే టీఎంటీ, జబ్బున్న నూరుగురిలో దాదాపు 68 మందిని పట్టుకుంటుంది. జబ్బు లేని నూరుగురిలో 77 మందిని మర్యాదగా పంపించేస్తుంది, 23 మందిని ఉత్తపుణ్యానికి భయపెడుతుంది.

ఇప్పుడు నొప్పి గిప్పీ లేని నలభైల్లో వాళ్ళని వెయ్యిమందిని బెల్టు ఎక్కిద్దాం. వాళ్ళలో నిజంగా పెద్ద బ్లాకు ఉన్నవాళ్ళు 50 మంది అనుకోండి (ఇది నేను లెక్క కోసం వేసుకున్న అంకె, దీని మీద తగువు వద్దు). 50లో 34 మంది దొరుకుతారు. మిగతా 950లో 23 శాతం, అంటే 218 మందికి ఉత్తుత్తి పాజిటివ్. మొత్తం 252 పాజిటివ్ కాగితాలు. నిజమైనవి 34. ఏడు కాగితాల్లో ఒకటి.

అదే అరవై దాటి, చుట్టో సిగరెట్టో కాల్చి, నడిస్తే రొమ్ము పట్టేసి ఆగితే తగ్గే వెయ్యిమందిని తీసుకోండి. వీళ్ళలో 800 మందికి ఉందనుకుందాం. పాజిటివ్ 590 మందికి వస్తుంది, 544 నిజం. పదికి తొమ్మిది. బాగుంది కదా? ఇప్పుడు నెగెటివ్ వచ్చిన 410 మందిని చూడండి. అందులో 256 మందికి జబ్బు ఉంది! వాళ్ళు స్వీట్లు పంచుకుంటూ ఇంటికెళ్తారు.

బ్రాడీపేట గారూ, మీ బ్యాంకు ఆయన వయసెంత? పరీక్షకి ముందు నొప్పి ఉండేదా?

బ్రాడీపేట_4వలైను
58. ఉండేది. లిఫ్ట్ పాడైన రోజున మెట్లెక్కితే మధ్యలో ఆగేవాడు. సిగరెట్ కూడా ఉంది.

బ్రాడీపేట_4వలైను
సరే మాస్టారూ, అర్థమైంది. కానీ నాకు ఇంకా కోపంగానే ఉంది.

మిర్చియార్డు_కమీషన్
మాస్టారూ ఇది మా యార్డులో జరిగేదే. మంచి రైతు తెచ్చిన టిక్కీలో (మిరప బస్తాలో) చెయ్యి పెడితే ఒక తాలు కాయ వచ్చిందనుకో, ఏదో పొరపాటున పడిందిలే అనుకుంటాం. వానకి తడిసిన సరుకని ముందే తెలిసిన లాటులో చెయ్యి పెడితే నాలుగు ఎర్ర కాయలొచ్చినా నమ్మం, ఇంకో టిక్కీ కోయమంటాం. చెయ్యి అదే, టిక్కీ ఎవరిదన్నదే లెక్క.

రిటైర్డు_లెక్కల_మాస్టారు
నలభై ఏళ్ళు పాఠం చెప్పా, ఇంత పొట్టిగా ఎప్పుడూ చెప్పలేకపోయా. కూర్చో నాయనా, నూటికి నూరు.

కార్డియో_పీజీ
మాస్టారి లెక్కకి ఒక ముక్క కలుపుతా. నెగెటివ్ వచ్చాక ఎటాక్ రావటానికి ఇంకో కారణం ఉంది. టీఎంటీ పట్టుకునేది రక్తం పారకానికి అడ్డొచ్చే బ్లాకుని, మామూలుగా 70 శాతం ఆ పైన. ఎటాక్ చాలాసార్లు 30, 40 శాతం ఉన్న మెత్తటి కొవ్వు గడ్డ పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టి వస్తుంది. నిన్నటి దాకా నీళ్ళు బాగా పారుతున్న కాలవకి ఒక్క రాత్రిలో గట్టు తెగి అడ్డుపడ్డట్టు. నిన్న ఆ కాలవలో ఎంత వేగంగా పారాయో కొలిచి లాభం లేదు. ఈఎఫ్ 62 కూడా అంతే. గుండె ఇప్పుడు బాగా పిండుతోందని చెప్తుంది, గొట్టాల సంగతి చెప్పదు.

తెనాలి_కోడలు
ఆడవాళ్ళకి ఈ ఉత్తుత్తి పాజిటివ్‌లు ఇంకా ఎక్కువని మా డాక్టరమ్మ అన్నారు. నాకు 52 లో వచ్చింది. మా అత్తగారు వెంటనే మొక్కులు కూడా మొక్కేశారు. డాక్టరమ్మ యాంజియో వద్దు, ముందు థాలియం (గుండె కండకి రక్తం అందుతోందో లేదో చూసే స్కాన్) చేయిద్దాం అన్నారు. నాకు మడమ నొప్పి, పరిగెత్తలేను, అందుకని ఇంజెక్షన్‌తో చేసేది రాశారు. ముందు రోజు నుంచి కాఫీ, టీ, చాక్లెట్, కూల్‌డ్రింక్ ముట్టుకోవద్దని కాగితం మీద రాసి మరీ ఇచ్చారు. నేను తెల్లారి అలవాటుగా డికాషన్ కలిపి రెండు గుక్కలు తాగేశా! తాగాక గుర్తొచ్చింది. అక్కడికెళ్ళి చెప్తే వెనక్కి పంపేశారు. కారు కిరాయి దండగ.

రెండోసారి సరిగ్గా వెళ్ళా. మందు ఎక్కుతున్నప్పుడు రెండు మూడు నిమిషాలు ఛాతీ బరువెక్కి, మొహం వేడెక్కి, దేవుడు కనపడ్డాడు. తర్వాత పూర్తిగా పోయింది. చేతులు తల పైకెత్తి పడుకుంటే కెమెరా చుట్టూ తిరుగుతుంది. భుజాలు పీకాయి. రిపోర్టు నార్మల్. మొక్కు మాత్రం తీర్చాల్సి వచ్చింది.

గుణదల_కొండ
థాలియం అంటే ఎలుకల మందు కదా?? ఒంట్లోకి ఎక్కిస్తారా?

గీతలు_చూసేవాణ్ణి
పేరు థాలియం అనే అంటారు గానీ ఇప్పుడు ఎక్కువగా వాడేది టెక్నీషియం. ఆరు గంటలకి సగమైపోతది, అందుకే మంచిది. అసలు థాలియం అయితే సగం అవటానికి మూడు రోజులు పైన. అదయినా విషం పని చేసేంత మోతాదు కాదు, కెమెరాకి కనపడేంత చుక్క. రక్తం బాగా అందిన కండ దాన్ని పీల్చుకుని వెలుగుతది, అందని చోట నల్లగా ఉంటది. కాఫీ ఎందుకు వద్దంటే, ఆ రక్తనాళాలు వెడల్పు చేసే మందుకి కెఫీన్ అడ్డుపడతది. పరీక్ష చేసినా నిజం బయటికి రాదు.

కృష్ణలంక_కుర్రాడు
మీరంతా బ్లాకు ఉందా లేదా అని చుట్టూ తిరుగుతున్నారు. సీటీ యాంజియో (గొట్టం దూర్చకుండా స్కాన్‌తో నాళాలు చూసేది) చేయించుకుంటే నేరుగా కనపడుతుంది కదా. చేతికి సూది, పావుగంట, ఇంటికి.

నాకు పోయినేడు చేశారు. నా పల్స్ 88. అంత వేగంగా కొట్టుకుంటే బొమ్మ చెదిరిపోతుందని మెటోప్రొలాల్ ఇచ్చి గంటన్నర కూర్చోబెట్టారు, 62 కి దిగాక లోపలికి తీసుకెళ్ళారు. ముందు క్రియాటినిన్ చూశారు, రంగు మందు కిడ్నీలకి పడుతుందో లేదో అని. నాలిక కింద స్ప్రే కొట్టే ముందు, నిన్నా ఇవాళా ‘ఆ’ మాత్రలేమన్నా వేసుకున్నారా అని అడిగారు. మా మావగారు పక్కనే ఉన్నారు. 🙏 రంగు మందు ఎక్కగానే మెడ నుంచి కిందిదాకా వేడి పాకి, ప్యాంటు తడిసిపోయిందనిపించింది. చెయ్యి పెట్టి చూసుకున్నా. తడవలా.

గుణదల_కొండ
మావగారి ముందు ఏం చెప్పావు మరి?

కృష్ణలంక_కుర్రాడు
ఆ ప్రశ్న ఈ వేదిక పరిధిలోకి రాదు.

కార్డియో_పీజీ
@కృష్ణలంక_కుర్రాడు సలహా మంచిదే. ఇంగ్లండులో డాక్టర్లకి మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ వాళ్ళు 2016 నుంచే, కొత్తగా గుండెనొప్పితో వచ్చేవాళ్ళకి ముందు సీటీనే చేయమంటున్నారు. స్కాట్లండులో 4,146 మంది మీద చేసిన స్కాట్ హార్ట్ పరిశోధనలో, మామూలు వైద్యానికి సీటీ కూడా కలిపితే అయిదేళ్ళలో గుండెపోటు గానీ గుండెజబ్బు మరణం గానీ 2.3 శాతం మందికి, సీటీ లేనివాళ్ళలో 3.9 శాతం మందికి వచ్చాయి. సీటీ చేస్తేనే తగ్గిపోదు. చిన్న బ్లాకులు కూడా కనపడి, మందులు ముందే మొదలవుతాయి. కాకపోతే పెద్ద వయసు వాళ్ళకి, నాళాల్లో సున్నం బాగా పేరుకున్నవాళ్ళకి సీటీలో ఆ సున్నం పువ్వులా పరుచుకుని బ్లాకు ఉన్నదానికన్నా పెద్దగా కనపడుతుంది. వాళ్ళకి వేరే దారి చూడాలి.

బేరాల_బెజవాడ
బ్లాకు కనపడిందనుకో, అప్పుడన్నా స్టెంట్ వేయాల్సిందేగా? మా అన్నకి 80 శాతం చూపించి రెండు వేశారు. 2017లో ధర మీద సీలింగ్ పెట్టాక మందు పూసిన స్టెంట్ 29,600 అన్నారు. బిల్లులో స్టెంట్ ధర తగ్గింది, మిగతావన్నీ పెరిగాయి.

కార్డియో_పీజీ
మీ అన్నగారి సంగతి నాకు తెలీదు. మామూలుగా చెప్తా. 2020లో ఇస్కీమియా ట్రయల్ అచ్చయింది. 37 దేశాలు, 5,179 మంది, మనవాళ్ళు కూడా బాగానే ఉన్నారు. స్ట్రెస్ పరీక్షలో రక్తం అందట్లేదని మధ్యస్థంగానో తీవ్రంగానో తేలి, నిలకడగా ఉన్నవాళ్ళు. సగం మందికి మందులతో పాటు వెంటనే యాంజియో, స్టెంటో బైపాసో. మిగతా సగానికి ముందు మందులే, అవసరమైతేనే యాంజియో. మూడేళ్ళ పైచిలుకు చూస్తే ఎటాకుల్లో, చావుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తరచూ నొప్పి వచ్చేవాళ్ళకి మాత్రం స్టెంట్, బైపాస్ వైపు నొప్పి బాగా తగ్గింది. ఎడమవైపు మొదటి పెద్ద నాళంలోనే బ్లాకున్నవాళ్ళని, ఈఎఫ్ 35 కన్నా తక్కువున్నవాళ్ళని అందులో చేర్చుకోలేదు, కాబట్టి వాళ్ళకి ఈ మాట వర్తించదు. ఎటాక్ వస్తుండగా వేసే స్టెంట్ సంగతి పూర్తిగా వేరు. అది ప్రాణం కాపాడుతుంది, అక్కడ బేరాలు ఆడకండి.

బేరాల_బెజవాడ
నా పేరు మీద పడ్డారేంటండీ 😄

వేదిక_పెద్ద
ఇద్దరు సభ్యులు హాస్పిటళ్ళ పేర్లు రాశారు, తీసేశాను. పొగిడినా తిట్టినా పేర్లు వద్దు. ఇంకొకటి. ఇది చదువుతూ ఇప్పుడే గుండెలో నొప్పి, చెమటలు పడుతున్నవాళ్ళెవరన్నా ఉంటే టీఎంటీ బుక్ చేసుకోకండి, చర్చలో అడక్కండి, 108కి ఫోన్ చేయండి. కూర్చున్నప్పుడు కూడా నొప్పి వస్తున్నవాళ్ళని బెల్టు ఎక్కించకూడదు.

పాత_పోస్టాఫీసు
నా అనుభవం ఒకటి. బీపీకి మెటోప్రొలాల్ వాడతాను. టీఎంటీ రోజు పొద్దున అలవాటుగా వేసుకున్నా. బెల్టు మీద పది నిమిషాలు నడిచినా పల్స్ 118 దాటలేదు. ఇన్‌కన్‌క్లూజివ్ (ఏదీ తేలలేదు) అని రాసి ఇచ్చారు, డబ్బులు మాత్రం కన్‌క్లూజివ్‌గా తీసుకున్నారు. ముందే ఎవరన్నా అడిగి ఉంటే డాక్టరు ఒకటి రెండు రోజులు ఆపమనేవారట. సొంతంగా మాత్రం ఆపకండి, ఉన్నట్టుండి ఆపితే ఎదురు తిరుగుతుందని తిట్లు తిన్నా.

ఆటోనగర్_బేరింగ్
ఆరు రోజుల తర్వాత వస్తున్నా, క్షమించాలి. అందరివీ చదివా, కొన్ని మా ఆవిడకి చదివి వినిపించా.

సూర్యారావుపేటలో ఒక పెద్దాయన్ని కలిశా. లోపలికెళ్ళగానే రిపోర్టు తీసుకోలేదు. ముందు నన్ను అడిగాడు: ఏం పని చేస్తావు, ఎంత బరువు ఎత్తుతావు, మీ ఇంట్లో ఎవరికన్నా చిన్న వయసులో వచ్చిందా. మా బాబాయికి 49లో వచ్చిందని అప్పుడు గుర్తొచ్చింది. ఆ మాట ప్యాకేజీలో నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. తర్వాత గీతల పేజీలన్నీ టేబుల్ మీద పరిచి, అద్దాలు నుదుటి మీదకి నెట్టి, స్కేలు పెట్టి కొలిచాడు. గీతలన్న చెప్పినట్టే పైకి లేచే రకమే అన్నాడు. నీకు 44, బాబాయి కథ ఉంది, ఎల్‌డీఎల్ (చెడు కొవ్వు) 162 ఉంది, అనుమానంతో నిద్రపోలేవు, సీటీ చేయించుకో అన్నాడు.

చేయించా. కాల్షియం స్కోరు (నాళాల్లో పేరుకున్న సున్నం లెక్క) 38. ముందు వైపు పెద్ద నాళంలో, ఎల్‌ఏడీ అంటారంట, 30 శాతం. మిగతావి శుభ్రం. స్టెంట్ లేదు, యాంజియో లేదు. రాత్రి ఒక స్టాటిన్ మాత్ర (కొవ్వు తగ్గించేది), బీపీ ఇంట్లో రాసుకోమన్నాడు, మూడు నెలలకి మళ్ళీ రక్తం. ప్యాంటు సంగతి కృష్ణలంక తమ్ముడు ముందే చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే లేచి పారిపోయేవాణ్ణి.

బేరాల_బెజవాడ
చూశారా. నేను మొదటే చెప్పా, ఏం లేదని.

బ్రాడీపేట_4వలైను
ఏం లేదా? 44 ఏళ్ళకి 30 శాతం ఉంది, సున్నం ఉంది. మీ మాట విని షాపుకెళ్ళి ఉంటే ఈ మాత్ర ఎవరిచ్చేవాళ్ళు? నేను చెప్పిందే నిజమైంది.

బేరాల_బెజవాడ
మీ మాట విని ఉంటే పొద్దున్నే తొడలోంచి గొట్టం దూర్చేవాళ్ళు.

గీతలు_చూసేవాణ్ణి
ఇప్పుడు ఎక్కువగా మణికట్టు దగ్గర్నుంచే వెళ్తారు.

మిర్చియార్డు_కమీషన్
ఇద్దరూ గెలిచారు, తలా ఒక టిక్కీ పంపిస్తా. తాలు కలపకుండా.

ఆటోనగర్_బేరింగ్
ఇంకో ప్రశ్న. నాది అయిపోయింది గానీ నా గోలలో మా నాన్న సంగతి బయటపడింది. ఆయనకి 71. షుగర్ పదిహేనేళ్ళ నుంచీ. మోకాళ్ళు అరిగాయి. పోయిన దసరాకి అమ్మవారి కొండ మీద నాలుగు మెట్లెక్కి ఆగి, నాలుగు ఎక్కి ఆగి, మోకాళ్ళు రా అన్నాడు. నిన్న అడిగితే మోకాళ్ళ కన్నా ముందు ఊపిరి అందటం లేదన్నాడు. నొప్పి మాత్రం లేదంటాడు. అదే ప్యాకేజీ ఆయనకి కూడా చేయిద్దామా, వేరే చోట?

కార్డియో_పీజీ
ప్యాకేజీ వద్దు. షుగర్ చాలా ఏళ్ళున్నవాళ్ళకి నొప్పి తెలియకపోవచ్చు, ఆయాసమే నొప్పి బదులు వస్తుంది. మీకన్నా ఆయన తొందరగా వెళ్ళాలి, అదే సూర్యారావుపేట డాక్టర్ గారి దగ్గరికి, ఒకటి రెండు రోజుల్లో. మామూలు ఈసీజీ, ఎకో ముందు చూస్తారు. గుండె వాల్వు బాగా బిగుసుకుపోయి ఉంటే స్ట్రెస్ పరీక్షే పెట్టకూడదు, అందుకని. ఆ మోకాళ్ళతో బెల్టు మీద నడవలేరు కాబట్టి, అవసరమైతే డోబుటమిన్ (గుండె వేగం పెంచే మందు) ఎక్కించి ఎకో తీయటమో, తెనాలి అక్కకి చేసినట్టు స్కానో రాస్తారు. పిల్లికూతలు, ఉబ్బసం ఉంటే ముందే చెప్పండి. అక్కకి ఇచ్చిన రకం మందు వాళ్ళకి పడదు.

పాత_పోస్టాఫీసు
డోబుటమిన్ నాకు చేశారు, ఆ ఇన్‌కన్‌క్లూజివ్ తర్వాత. పడుకునే ఉంటాం, మందు మోతాదు పెంచుతూ పోతారు, మంచం మీదే పరిగెడుతున్నట్టు ఉంటుంది. గుండె చెవుల్లో కొట్టుకుంది. మోకాళ్ళకి మాత్రం సుఖం.

తెనాలి_కోడలు
బాబూ, స్కాన్ రాస్తే కాఫీ సంగతి మర్చిపోవద్దు. ముందు రోజు నుంచే.

ఆటోనగర్_బేరింగ్
రేపు సాయంత్రానికి అపాయింట్‌మెంట్ దొరికింది. కాఫీ ముక్క ఇప్పుడే నాన్నకి చెప్పా. ఆయన రోజుకి నాలుగు తాగుతాడు. మొత్తం విని, ఆ పరీక్ష నీకే చేయించుకోరా, నీకెటూ అలవాటైంది అన్నాడు.

గుణదల_కొండ
గీకే దగ్గర కూడా నువ్వే వెళ్ళన్నా, ఆయన్ని వదిలేయ్.